తోక కుట్టు

3వ తేదీ, సోమవారం

ఖాయమైపోయింది! మా అమ్మాయి ఉద్యోగం ఖాయమైపోయినట్టే! అక్షరాలు గీత దాటిపోతున్నాయి, పోనీ. ఈ పుస్తకం నేను లాండ్రీలో గుర్తులు రాసుకున్న పాత రిజిస్టరు. వెనక సగం ఖాళీగా ఉండిపోయింది. ఇలాంటి రోజు కోసమే ఉండిపోయిందేమో!

ఎనిమిది నెలలు! పాత కంపెనీ మూసేశాక ఎనిమిది నెలలు ఆ పిల్ల కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎవరెవరికో ఉత్తరాలు పంపుతూనే ఉంది. ఈ కొత్తచోట ఆరు నెలలు చూసి అప్పుడు చెబుతామన్నారు. ఆ ఆరు నెలలూ ఈ నెలాఖరుతో నిండుతాయి. ఇవాళ తను చేసిన ప్రోగ్రామును అందరి ముందూ నడిపించి చూపించిందట, గడగడా నడిచిందట. మామూలు ప్రోగ్రామా అది? ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము! ఏ ఆఫీసువాళ్ళయినా తమ ఫారం ఒకటి దాని చేతిలో పెడితే చాలు, చదివేసి, ఆ ఫారం పనంతా చేసే ప్రోగ్రామును అదే రాసి పెడుతుంది. కుట్టుమిషను కూర్చుని ఇంకో కుట్టుమిషన్ని కుట్టినట్టు! నా కూతురు చేసింది! నేను ఎనిమిదో క్లాసుతో ఆపినవాణ్ణి!

వాళ్ళ పైఆఫీసరు, ఆ కళ్ళజోడాయన, "ఇది పార్సెల్ సర్వీసు వాళ్ళ దగ్గర నడిచిందంటే మీ పర్మనెంటు లెటరు నేనే టైపు చేస్తాను" అన్నాడట. అంటే అయిపోయినట్టే కదా!

"అవ్వలేదు నాన్నా," అంది. "నడిచాక చెబుదువు గాని. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ కూడా నానదు."

"నేనెవరికి చెబుతాను?" అన్నాను.

అప్పటికే చెల్లాయికి ఫోను చేశాను. కింద మందులషాపు అతనికి చెప్పాను. లిఫ్టు బాగుచేసే అతనికి చెప్పాను, కానీ అతను పైకి ఎక్కి ఉన్నాడు, సరిగ్గా వినలేదు. చెల్లాయి లెక్కలోకి రాదు, సొంత మనిషి.

5వ తేదీ, బుధవారం

నడవలేదు.

6వ తేదీ, గురువారం

సంగతేమిటో ఇవాళ టీ తాగుతూ విడమరిచి చెప్పింది. నాకు అర్థమైనంత రాసుకుంటున్నాను.

పార్సెల్ ఆఫీసువాళ్ళ ఫారంలో గళ్ళుంటాయి. సామాను ఎవరు పంపారో రాసే గడికి పేరు 'ఫ్రమ్'. ఏ రకం సామానో రాసే గడి 'క్లాస్'. తిరిగొస్తే ఎక్కడికి పంపాలో రాసేది 'రిటర్న్'. నలభై ఏళ్ళుగా అవే పేర్లు. మా అమ్మాయి ప్రోగ్రాము ఆ పేర్లనే తీసుకుని, వాటితోనే లోపలి ప్రోగ్రాము రాస్తుంది. అక్కడొచ్చింది తంటా. కంప్యూటరుకి తన సొంతానికి ఒక ముప్పై అయిదు మాటలున్నాయట. ఈ మూడూ అందులోవే. అవి ఎక్కడ కనబడ్డా అది గడి పేరు అనుకోదు, తనకిచ్చిన హుకుం అనుకుంటుంది. హుకుం అర్థంకాక అక్కడే మొరాయిస్తుంది.

"మరి మొన్న ఆఫీసులో నడిచిందిగా?"

"ఆ ఫారం నేను తయారు చేసింది. అలాంటి మాటలు రాకుండా నాకు తెలియకుండానే జాగ్రత్తపడ్డాను. బయటివాళ్ళు ఎందుకు పడతారు?"

కళ్ళజోడాయన చెప్పిన మందు ఏమిటంటే, ఆ ముప్పై అయిదు మాటలూ ఒక కాగితం మీద రాసి పార్సెల్ వాళ్ళకిచ్చి, ఇవి వాడొద్దనడం. అక్కడ హెడ్‌క్లర్కు ఒకావిడ ఉందట, గొంతు మైకులా ఉంటుందట. "మీ డబ్బా కోసం మా ఫారం మార్చుకోవాలా? రేపు మా పేర్లు కూడా మార్చుకోమంటారా?" అని పెట్టేసిందట ఫోను.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కానీ మా పిల్ల నెలాఖరు ఏం కావాలి?

నాకు ఈ గొడవంతా ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో ఏమిటి, ఇరవై రెండేళ్ళు నేను చేసిన పని అదే.

8వ తేదీ, శనివారం

చెప్పాను! నేను చెప్పాను, అది పనిచేసింది! నా కూతురికి నేను కంప్యూటరు పాఠం చెప్పాను!

పొద్దున దాన్ని కూర్చోబెట్టి అన్నాను, "అమ్మలూ, మా లాండ్రీలో కూడా ఇదే. ఖాతాదారులందరికీ తలా ఒక గుర్తు ఉండేది, ఎర్రదారంతో కాలరు లోపల కుట్టేవాణ్ణి. లాండ్రీకి కూడా సొంత గుర్తులు ఉండేవి. గుండ్రంగా సున్నా కుడితే కాగులో వేసి మరిగించమని. రెండు గీతలు కుడితే గంజి పెట్టమని. ఇంటూ కుడితే మళ్ళీ ఉతకమని. మరి ఏ ఖాతాదారైనా వచ్చి, మా గుర్తు తాతల నాటి నుంచీ సున్నాయే అంటే ఏం చేస్తాం? పొమ్మంటామా?"

"ఏం చేసేవాళ్ళు?"

"తోక కుట్టేవాణ్ణి. సున్నా కింద చిన్న తోక. తోక లేకపోతే హుకుం, తోక ఉంటే మనిషి. కాగు దగ్గర ఉన్నవాడు తోక చూసి పక్కన పెట్టేస్తాడు."

అది లేచొచ్చి నా బట్టతల మీద ముద్దు పెట్టింది! "నాన్నా, మావాళ్ళు కూడా ఇదే చేస్తారు. మాట చివర అడుగున చిన్న గీత పెడతారు. ఒక్కో మాటకీ చేత్తో మార్చుకుంటూ కూర్చున్నాను గాని, ప్రోగ్రామే తోక తగిలించేలా చేద్దామని తట్టలేదు నాకు."

సాయంత్రానికి నడిచింది. మా ఆవిడ "ఏవండీ, కాస్త నేల మీద నడవండి" అంది.

ఏం నడుస్తాను? చెల్లాయికి మళ్ళీ ఫోను చేశాను.

11వ తేదీ, మంగళవారం

ఛ.

పార్సెల్ చీటీలన్నీ తోకలతోనే అచ్చయ్యాయి. రెండు వందల చీటీలు, అన్నింటి మీదా 'ఫ్రమ్' పక్కన అడుగున ఒక గీత, 'క్లాస్' పక్కన ఒక గీత. హెడ్‌క్లర్కు ఫోనులో, "ఇదేమిటమ్మా, బల్లి తోక తెగిపడ్డట్టు?" అందట. నవ్విందట కూడా. మా పిల్ల అన్నం తినలేదు.

తప్పు నాదే. సగం చెప్పి ఊరుకున్నాను. బట్టలు తిరిగి ఇచ్చే బల్ల దగ్గర తోక విప్పేసేవాణ్ణి నేను. తోక లాండ్రీ లోపల మాత్రమే. గడప దాటేటప్పుడు ఎవరి గుర్తు వాళ్ళకి ఎలా వచ్చిందో అలాగే వెళ్ళాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నాకేమొచ్చింది?

సాయంత్రం చెప్పాను. "అసలు పేరేదో, లోపలి పేరేదో పక్కపక్కన రాసి పెట్టుకోవాలన్నమాట," అంది. అవునన్నాను.

"నీ దగ్గర అలాంటి పుస్తకం ఉండేదా నాన్నా?"

"ఉండేది. పోయింది."

ఈ పుస్తకం చెక్క బీరువాలో లోదుస్తుల కింద పెడుతున్నాను ఇకనుంచి.

12వ తేదీ, బుధవారం

తోకలు విప్పడం అయింది. చీటీలు శుభ్రంగా వచ్చాయి.

13వ తేదీ, గురువారం

చెల్లాయి ఫోను. "ఏం అన్నయ్యా, పర్మనెంటు అన్నావు, లెటరేదీ? మా ఆడపడుచుకి కూడా చెప్పేశాను. ఊరంతా అడుగుతున్నారు."

"నేను అయినట్టే అన్నాను, అయింది అనలేదు."

"నీ 'అయినట్టే' సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసులే. పరీక్ష పాసైనట్టే అని ఊరంతా చెప్పి, ఎనిమిదితో ఆపావు."

అది సొంత మనిషే, కాదనను. సొంత మనుషులతోనే వస్తుంది చిరాకు.

16వ తేదీ, ఆదివారం

సెలవు రోజున కూడా ఆఫీసుకి వెళ్ళింది. ఏమిటంటే, ఒక బ్రాంచిలో ఒక గుమస్తా తన వీలు కోసం ఫారంలో అదనంగా ఒక గడి పెట్టుకున్నాడట. 'రిటర్న్' అంటే సామాను తిరిగి వెళ్ళాల్సిన దుకాణం. గోదాము అడ్రసుకి ఇంకో గడి కావాలి, పేరేం తట్టలేదు, అదే మాట రాసి చివర అడుగున గీత గీశాడు. మా అమ్మాయి ప్రోగ్రాము మొదటిదానికి తోక తగిలించింది. రెండోదానికి తోక ముందే ఉంది. రెండూ ఒకటైపోయాయి, ఒకదాని మీద ఇంకోటి ఎక్కి కూర్చుంది. నలభై మూడు పార్సెళ్ళు తిరిగి వెళ్ళాల్సిన చోటికి కాకుండా వేరే చోటికి వెళ్ళాయి. అందులో ఒకటి బాగుచేయించడానికి వెళ్ళిన వినికిడి మిషనట. ఎవరో ముసలాయన దాని కోసం మూడు రోజులుగా చూస్తున్నాడట.

నాకు తెలుసు.

తోక కుట్టేముందు రిజిస్టరు తీసి, ఆ తోకగుర్తు ఇంకెవరికైనా ఉందా అని చూసేవాణ్ణి. ఉంటే రెండు తోకలు. నాకు తెలుసు, చెప్పలేదు. గుర్తు రాలేదు, అందుకే చెప్పలేదు.

గుర్తు రాకపోవడం కాదు. రిజిస్టరు మాట ఎత్తితే రిజిస్టరు చూపించమంటుంది.

17వ తేదీ, సోమవారం

చెప్పాను, రెండు తోకల సంగతి. అరగంటలో చేసేసింది. చేసేసి కుర్చీ నా వైపు తిప్పింది.

"నాన్నా, మీ దగ్గర ఎవరైనా తోక వేయడం మర్చిపోతే ఏమయ్యేది?"

"ఏమవుతుంది, మరిగిపోతాయి. మీ మామయ్య చేశాడుగా, మా లాండ్రీలో కాగు దగ్గర పనిచేసే రోజుల్లో. బ్యాండు బృందం వాళ్ళ ఎర్ర ఉన్ని కోట్లు, పద్దెనిమిది. కాగులో పడేశాడు. బొమ్మలకు తొడిగేంత అయిపోయాయి. కాగు నీళ్ళు ఎర్రబడి, అందులో పడ్డ హోటలు దుప్పట్లన్నీ గులాబీ రంగు. ఆ రోజే పని ఊడింది."

ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వామో. మా ఆవిడ కూడా వంటింట్లోంచి, "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, కళ్ళు నెత్తి మీద" అంది, ఎప్పుడూ అనేదే.

అమ్మాయి నవ్వలేదు. "కాగు దగ్గరున్న మనిషి గుర్తు చూసేగా వేసేది? సున్నా కనిపించింది, మరిగించాడు. కంప్యూటరు చేసింది కూడా అదే. దాన్ని తిట్టి ఏం లాభం? గుర్తు కుట్టిందెవరు?"

"ఎవరో. అప్పట్లో చాలామంది ఉండేవాళ్ళం."

18వ తేదీ, మంగళవారం

ఇవాళ రాయడానికేమీ లేదు.

19వ తేదీ, బుధవారం

గుర్తుల గదిలో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి.

20వ తేదీ, గురువారం

కళ్ళజోడాయన ఒక కాగితం తయారుచేశాడు. పార్సెళ్ళు తప్పిపోవడానికి కారణం ఆ బ్రాంచి గుమస్తా గడికి పిచ్చిపేరు పెట్టడమే అని. కింద మా అమ్మాయి సంతకం పెట్టాలి. పెడితే కంపెనీ మీద మచ్చ రాదు, నెలాఖరుకి లెటరు వస్తుంది. ఆ గుమస్తాని ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం.

పెట్టలేదట!

"ఎందుకు పెట్టలేదూ?" అన్నాను. అరిచానేమో కూడా. "ఎనిమిది నెలలు ఆ కిటికీ దగ్గర కూర్చున్నది మర్చిపోయావా? వాడెవడో, నీకేమవుతాడు?"

"ఏమీ అవడు నాన్నా. తన గడికి తనకి తోచిన పేరు పెట్టుకున్నాడు, అంతే. ముందే ఆ పేరు ఎవరికైనా ఉందా అని చూడాల్సింది నా ప్రోగ్రాము. చూడలేదు. అదే రాసిచ్చాను."

"రాసిచ్చావా?"

"నా సంతకంతో."

"నిన్నెవరు అడిగారమ్మా అంత ధర్మరాజులా ఉండమని! నోరు మూసుకుంటే సరిపోయేది! అందరూ అలాగే బతుకుతారు! నేను..."

ఆగాను. అది చూస్తోంది. మా ఆవిడ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నువ్వు?" అంది అమ్మాయి.

టీ చల్లారిపోయిందని చెప్పి లేచి వచ్చేశాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. దాని మీద, కళ్ళజోడాయన మీద, తోక గీసుకున్న ఆ గుమస్తా మీద. అందరి మీదా.

22వ తేదీ, శనివారం

రిజిస్టరు ముందు సగం తీసి చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత.

ఆ పేజీ నా దస్తూరీయే. బ్యాండు బృందం, ఉన్ని కోట్లు, పద్దెనిమిది. గుర్తు: సున్నా. పక్కన 'తోక' అన్న గడి. పై వరుసల్లో, కింది వరుసల్లో తోక కావాల్సిన ప్రతిచోటా టిక్కు ఉంది. ఆ ఒక్క వరుసలో లేదు. తేదీ మా అమ్మాయి పుట్టినరోజు.

ఆ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని. నేను మనిషిని కాదు ఇక! ఒక కోటు కుట్టడం, లేచి ఇస్త్రీ గదిలోకి పరుగెత్తి చెప్పడం. ఇంకో కోటు కుట్టడం, గంజి దగ్గరివాళ్ళకి చెప్పడం. గేటు దగ్గర మనిషికి రెండుసార్లు చెప్పాను. పద్దెనిమిది సున్నాలు కుట్టాను. తోక ఒక్కదానికీ కుట్టలేదు.

యజమాని అందర్నీ వరుసలో నిలబెట్టి ఎవరని అడిగాడు. రిజిస్టరు నా చంకలోనే ఉంది. బావమరిది నా వైపు ఒక్కసారి చూసి, "నేనే చూసుకోలేదండి" అన్నాడు. బయటికొచ్చాక గేటు దగ్గర, "ఊరుకో బావా, నీకు ఇంట్లో పసిబిడ్డ ఉంది. నాకెవరున్నారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత రెండేళ్ళు పని దొరకలేదు వాడికి. ఇప్పుడు ఎక్కడో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నాడు. మా ఇంటికి రావడం తగ్గించేశాడు. వచ్చినప్పుడల్లా మేము ఆ కోట్ల కథ చెప్పి నవ్వేవాళ్ళం, రాడు మరి.

చెప్పి నవ్వింది నేను. 'మేము' కాదు.

23వ తేదీ, ఆదివారం

చెప్పేశాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టి.

అమ్మాయి ఆ తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "అయితే నేను పుట్టానని..." అంది.

"నీ తప్పు కాదమ్మా, నా నోరు," అన్నాను.

మా ఆవిడ ఏడవలేదు. తిట్టినా బాగుండేది. "ఇరవై తొమ్మిదేళ్ళు మా తమ్ముణ్ణి నా నోటితోనే తిట్టించారు," అంది. తర్వాత పాలగిన్నె తోమింది. తోమిందే తోమింది.

24వ తేదీ, సోమవారం

మాట్లాడటం లేదు.

25వ తేదీ, మంగళవారం

మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, గరిటె శబ్దంతో. వినికిడి మిషను ముసలాయనకు చేరిందట. కళ్ళజోడాయన కూడా మా అమ్మాయితో నాలుగు రోజులుగా మాట్లాడటం లేదట. మా ఇంట్లో తండ్రీకూతుళ్ళ జాతకాలు ఒకేలా నడుస్తున్నాయి.

27వ తేదీ, గురువారం

చెల్లాయి మళ్ళీ. ఫోను ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి.

28వ తేదీ, శుక్రవారం

వచ్చింది! లెటరు! చేత్తో పట్టుకుని చూశాను, స్టాంపు ఉంది, సంతకం ఉంది, పర్మనెంటు అన్న మాట రెండుచోట్ల ఉంది! 'అయినట్టే' కాదు, అయింది! గుమ్మంలోనే పట్టుకుని గిరగిరా తిప్పబోయాను గాని నడుము పట్టేసింది.

"చూశావా, నిజం రాసిచ్చినందుకు..." అన్నాను.

"అందుకు కాదు నాన్నా," అంది నవ్వుతూ. "నిజం రాసిచ్చినందుకు ఆయనకి ఇంకా ఒళ్ళు మంటగానే ఉంది. పార్సెల్ వాళ్ళు అన్ని బ్రాంచీలకీ కావాలన్నారు. ఆ ప్రోగ్రాము నాకు తప్ప ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు, అందుకు."

ఎందుకైతేనేం! కాళ్ళు ఆగడం లేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను, చెల్లాయి నంబరు కూడా నొక్కాను. మా ఆవిడ, అయిదు రోజుల తర్వాత, "ముందు ఎవరికి చెప్పాలో కాస్త ఆలోచించండి" అంది. ఫోను కింద పెట్టాను.

చెప్పాల్సినవాళ్ళు:

చెల్లాయి. ఈసారి లెటరు చదివి వినిపించాలి, స్టాంపుతో సహా. ఆడపడుచుకి అది చెబుతుంది.

పెద్దన్నయ్య. ఎడమ చెవి వైపు చెప్పాలి.

వదిన. అన్నయ్యకి చెబితే ఆవిడకి చెప్పినట్టు కాదు, విడిగా చెప్పాలి, లేకపోతే ఏడాది సాగదీస్తుంది.

తోడల్లుడు. వాళ్ళబ్బాయి ఉద్యోగం గురించి మూడేళ్ళు విన్నాను. తాపీగా, మధ్యలో నీళ్ళు తాగుతూ చెప్పాలి.

మేనత్త కొడుకులు ముగ్గురు. ఒకడికి చెబితే చాలు.

పిన్ని. ఎవరి కూతురు అని అడుగుతుంది, ఓపిగ్గా చెప్పాలి.

బావమరిది. ఫోనులో కాదు. రేపు పొద్దున మొదటి బస్సుకి. రిజిస్టరు సంచిలో పెట్టాను, పేజీ దగ్గర ఎర్రదారం పెట్టాను. కోట్ల సంగతి ముందు, మేనకోడలి ఉద్యోగం తర్వాత. వాడికి చెప్పేదాకా పైన రాసినవాళ్ళలో ఒక్కరికి కూడా, చెల్లాయికి కూడా, చెప్పను.